ఉద్యోగం పోయిందా? నిరుద్యోగ భృతి ఎవరికి వస్తుంది, రాజీనామా లెటర్ రాస్తే ఏం పోతుంది

నెలాఖరున హెచ్‌ఆర్ నుంచి పిలుపు వస్తుంది. ‘సోమవారం నుంచి రానవసరం లేదు’ అని చెప్పి, ముందే టైప్ చేసిన కాగితం చేతికిస్తారు. ‘వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను’ అని అందులో ఉంటుంది. తీసేశారన్న మచ్చ ఉండదని, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇబ్బంది లేకుండా వస్తుందని నచ్చజెబుతారు. చాలామంది అక్కడే సంతకం పెట్టేస్తారు. ఆ సంతకంతో కొందరు కొన్ని వేలు, కొందరు లక్షకు పైగా కోల్పోతున్నారన్న సంగతి వాళ్లకు తర్వాత కూడా తెలియదు.

మన దగ్గర ‘నిరుద్యోగ భృతి’ అనగానే ఎన్నికల హామీలే గుర్తొస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2018 అక్టోబర్ 2న మొదలైన ముఖ్యమంత్రి యువనేస్తం కింద నెలకు 1,000 రూపాయలు ఇచ్చారు. తెలంగాణలో అదే ఏడాది ఎన్నికల ముందు 3,016 రూపాయల హామీ వినిపించింది. అవన్నీ చదువు పూర్తయి ఉద్యోగం దొరకని యువత కోసం ఉద్దేశించినవి. ఉద్యోగం చేస్తూ చేస్తూ పోగొట్టుకున్న వాళ్ల కోసం వేరే ఏర్పాటు ఉంది. దాని గురించి ఏ సభలోనూ మాట్లాడరు, ఎందుకంటే అది ఏ పార్టీ హామీ కాదు. ఈఎస్‌ఐలో ఉంది. మీ జీతంలోంచి, మీ యజమాని జేబులోంచి కట్టిన చందాతో వచ్చేది.

ముందు చూడాల్సింది పే స్లిప్

పే స్లిప్‌లో ‘ఈఎస్‌ఐ’ పేరుతో కోత ఉందా? ఉంటే కింది నిబంధనలు మీకు వర్తిస్తాయి. పది మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే సంస్థల్లో నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవాళ్లు ఈఎస్‌ఐ పరిధిలోకి వస్తారు. దివ్యాంగులకు ఈ పరిమితి 25,000. ఉద్యోగి వాటా జీతంలో 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. షాపింగ్ మాల్ సేల్స్ సిబ్బంది, ప్రైవేటు ఆస్పత్రి నర్సులు, సెక్యూరిటీ గార్డులు, గోదాముల్లో ప్యాకింగ్ చేసేవాళ్లు, చిన్న కాల్ సెంటర్లు, జీడిమెట్ల, పటాన్‌చెరు లాంటి చోట్ల ఫ్యాక్టరీ కార్మికులు చాలావరకు ఇందులో ఉంటారు.

జీతం 21,000 దాటినవాళ్లకు ఈ భృతి లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో ఎక్కువ మంది ఈ కోవలోకే వస్తారు. వాళ్లకు ఏముందో తర్వాత చూద్దాం.

ఈఎస్‌ఐలో రెండు పథకాలు ఉన్నాయి. ఒకటి అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన, రెండోది రాజీవ్ గాంధీ శ్రామిక్ కళ్యాణ్ యోజన. పేర్లు పొడుగ్గా ఉన్నాయి కాబట్టి ఇక్కడ ‘90 రోజుల పథకం’, ‘రెండేళ్ల పథకం’ అందాం.

90 రోజుల పథకం: అర్హత ఎలా లెక్కిస్తారు?

2018 జులై 1న దీన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. అప్పట్లో సగటు రోజు వేతనంలో 25 శాతం ఇచ్చేవారు. కరోనా లాక్‌డౌన్‌లో, 2020 మార్చి 24 నుంచి వర్తించేలా దాన్ని 50 శాతం చేశారు, నిబంధనలు కూడా కొంత సడలించారు. అప్పటి నుంచి విడతలు విడతలుగా గడువు పొడిగిస్తున్నారు. అందుకే దరఖాస్తు పెట్టే ముందు ఈఎస్‌ఐసీ వెబ్‌సైట్‌లో ప్రస్తుత గడువు ఎప్పటి వరకూ ఉందో ఒకసారి చూసుకోవాలి.

మొదటి షరతు, ఉద్యోగం పోయే నాటికి కనీసం రెండేళ్లు ఈఎస్‌ఐ పరిధిలోని ఉద్యోగంలో ఉండాలి. రెండో షరతు దగ్గర చాలామంది తికమకపడతారు. ఈఎస్‌ఐ ఏడాదిని రెండు చందా కాలాలుగా విడగొడుతుంది. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు ఒకటి, అక్టోబర్ 1 నుంచి మార్చి 31 వరకు మరొకటి. ఉద్యోగం పోవడానికి సరిగ్గా ముందున్న చందా కాలంలో కనీసం 78 రోజుల చందా ఉండాలి. దానికి ముందున్న మూడు కాలాల్లో ఏదో ఒకదాంట్లోనూ 78 రోజులు ఉండాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. 2025 నవంబర్ 10న ఉద్యోగం పోయిందనుకోండి. ముందున్న చందా కాలం ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ 2025. అందులో 78 రోజులు తప్పనిసరి. ఇక 2023 అక్టోబర్ నుంచి 2025 మార్చి వరకు ఉన్న మూడు కాలాల్లో ఒకదాంట్లో 78 రోజులు ఉంటే చాలు. మధ్యలో ఆరోగ్యం బాగోలేక రెండు మూడు నెలలు జీతం లేని సెలవు పెట్టినా, అర్హత అంత తేలిగ్గా పోదు.

కంపెనీ మారినా ఇబ్బంది లేదు. ఈఎస్‌ఐ బీమా నంబరు జీవితాంతం ఒక్కటే. అయితే చిన్న ఏజెన్సీలు కొత్తగా చేరిన ప్రతిసారీ కొత్త నంబరు సృష్టించేస్తుంటాయి. అప్పుడు మీ రెండేళ్ల సర్వీసు రెండు మూడు ముక్కలుగా కనిపిస్తుంది. కాంట్రాక్టర్ ఏడాదికోసారి మారే చోట పనిచేసేవాళ్లు ఈ విషయం ఉద్యోగంలో ఉండగానే సరిచూసుకోవడం మేలు. పాత నంబరు కార్డుతో బ్రాంచ్ ఆఫీసుకు వెళ్లి రెండింటినీ కలపమని అడగాలి.

ఇంకో సందేహం తరచూ వస్తుంది. జీతంలోంచి ఈఎస్‌ఐ కోశారు, కానీ కంపెనీ కట్టలేదు. అప్పుడు భృతి పోయినట్టేనా? కాదు. నిబంధనలో ఉన్న మాట ‘చెల్లించిన లేదా చెల్లించాల్సిన చందా’ అని. యజమాని ఎగ్గొట్టిన చందాకు శిక్ష కార్మికుడికి పడకూడదన్నది దాని ఉద్దేశం. కానీ ఆఫీసులో మీ పేరు మీద చందా కనిపించకపోతే, ఉద్యోగం చేశారని చూపే భారం మీదే. పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, అటెండెన్స్ ఫొటోలు ఏవి ఉన్నా దాచుకోండి.

ఎంత వస్తుంది?

గత నాలుగు చందా కాలాల్లో మీ మొత్తం వేతనాన్ని 730తో భాగిస్తారు. వచ్చినదాంట్లో సగం ఒక రోజు భృతి. నెలకు 18,000 చొప్పున రెండేళ్లూ జీతం తీసుకున్న వ్యక్తికి మొత్తం 4,32,000. దాన్ని 730తో భాగిస్తే సుమారు 592 రూపాయలు. సగం 296. 90 రోజులకు దాదాపు 26,600 రూపాయలు. ఒకవేళ ఆ రెండేళ్లలో 18 నెలలకే వేతనం అంది ఉంటే, భాగించేది మాత్రం 730తోనే. అప్పుడు 90 రోజులకు 20,000 లోపే వస్తుంది.

గరిష్ఠంగా 90 రోజులు. అది కూడా జీవితంలో ఒక్కసారే. మధ్యలో కొత్త ఉద్యోగం దొరికితే అక్కడితో ఆగిపోతుంది. ఉద్యోగం పోయిన 30 రోజుల తర్వాత క్లెయిమ్ చేసుకోవచ్చు. పోయిన తేదీ నుంచి ఏడాది దాటితే ఇక పరిశీలించరు.

ఎవరికి రాదు?

దుష్ప్రవర్తన కారణంగా క్రమశిక్షణ చర్యలో భాగంగా తొలగించినవాళ్లకు రాదు. రిటైర్మెంట్ వయసు వచ్చి దిగిపోయినా, వీఆర్‌ఎస్ తీసుకున్నా రాదు. చట్టవిరుద్ధమని ప్రకటించిన సమ్మె సమయంలో రాదు. రెండు చోట్ల పనిచేస్తూ, ఒకచోట మాత్రమే ఉద్యోగం పోయినా రాదు. అన్నీ పోతేనే నిరుద్యోగి కింద లెక్క. ఆధార్, బ్యాంకు ఖాతా ఈఎస్‌ఐ రికార్డుతో అనుసంధానం కాకపోతే డబ్బు జమ కాదు.

ఈ జాబితాలో ఇంకొకటి ఉంది. తనంతట తానుగా ఉద్యోగం వదిలేసినవాళ్లు. మొదట్లో చెప్పుకున్న కాగితం ప్రమాదం ఇక్కడే ఉంది. ‘వ్యక్తిగత కారణాలతో’ అని మీ సంతకంతో ఉంటే, కంపెనీయే మిమ్మల్ని పంపించిందన్న నిజం రికార్డులో ఎక్కడా ఉండదు. బలవంతంగా రాయించుకున్నారని తర్వాత నిరూపించడం అంత సులభం కాదు.

కాగితం ఒక్కటే కాదు. మీరు మానేసిన నెల ఈఎస్‌ఐ చందా వివరాలు నమోదు చేసేటప్పుడు, మీకు పని దినాలు సున్నా ఎందుకయ్యాయో కంపెనీ ఒక కారణం ఎంచుకోవాలి. ఆ జాబితాలో ‘లెఫ్ట్ సర్వీస్’, ‘రిట్రెంచ్‌మెంట్’, ‘నో వర్క్’, ‘రిటైర్డ్’ లాంటివి వేర్వేరుగా ఉంటాయి. అకౌంట్స్‌లో కూర్చున్న వ్యక్తి అలవాటు కొద్దీ ‘లెఫ్ట్ సర్వీస్’ నొక్కేస్తే మీరే వెళ్లిపోయారన్నట్టు ఉంటుంది. అందుకే చివరి రోజున అడగాల్సిన ప్రశ్నల్లో ఇదీ ఒకటి: ‘ఈఎస్‌ఐ పోర్టల్‌లో నాకు ఏ కారణం పెడుతున్నారు?’

రెండేళ్ల పథకం: దీని సంగతి ఎవరూ చెప్పరు

2005 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ పథకం 90 రోజుల దానికన్నా ఎంతో పెద్దది. కంపెనీ మూతపడినా, రిట్రెంచ్‌మెంట్ కింద తీసేసినా, పనికి సంబంధం లేని కారణంతో కనీసం 40 శాతం శాశ్వత వైకల్యం వచ్చి ఉద్యోగం కోల్పోయినా ఇది వర్తిస్తుంది. కనీసం రెండేళ్ల చందా ఉండాలి. మొదటి 12 నెలలు సగటు వేతనంలో 50 శాతం, తర్వాతి 12 నెలలు 25 శాతం ఇస్తారు. ఆ కాలంలో మీకు, కుటుంబానికి ఈఎస్‌ఐ వైద్యం కొనసాగుతుంది.

ఇందాకటి 18,000 జీతం ఉదాహరణే తీసుకుంటే, మొదటి ఏడాది నెలకు సుమారు 9,000, రెండో ఏడాది సుమారు 4,500. ఆ రెండేళ్లూ మళ్లీ పని దొరకలేదనుకుంటే మొత్తం 1,62,000 రూపాయల దాకా. 90 రోజుల పథకంలో వచ్చే 26,600తో పోల్చండి. ఆరు రెట్లు. తేడా అంతా తొలగింపు లేఖలో ‘రిట్రెంచ్‌మెంట్’ లేదా ‘సంస్థ మూసివేత’ అనే మాట ఉందా లేదా అన్నదాని మీదే ఉంది. కాబట్టి పది మందిని ఒకేసారి తీసేసిన చోట, యూనిట్ ఎత్తేసిన చోట ముందు అడగాల్సింది ఈ రెండేళ్ల పథకం గురించే. ఒకే కాలానికి రెండు పథకాల కింద డబ్బు తీసుకోవడం కుదరదు.

రిట్రెంచ్‌మెంట్ అంటే కార్మికుడి తప్పేమీ లేకుండా, సంస్థ తన అవసరం కొద్దీ సిబ్బందిని తగ్గించుకోవడం. ఫిక్స్‌డ్ టర్మ్ ఒప్పందం గడువు ముగిసి బయటికొస్తే అది రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదు.

సంతకం పెట్టమన్నప్పుడు ఏం చేయాలి?

వీలైతే అక్కడికక్కడ పెట్టొద్దు. ‘ఇంటికి తీసుకెళ్లి చదివి ఇస్తాను’ అనొచ్చు, అందులో తప్పేమీ లేదు. రాజీనామా బదులు తొలగింపు లేఖ ఇవ్వమని మెయిల్‌లో అడగండి. సంతకం పెట్టక తప్పని పరిస్థితి వస్తే, కనీసం ‘వ్యక్తిగత కారణాలు’ అన్న మాట తీయించి, ‘సంస్థ సిబ్బంది తగ్గింపు నిర్ణయం మేరకు’ అని రాయించండి. అదీ కుదరకపోతే అదే రోజు హెచ్‌ఆర్‌కు రెండు ముక్కల్లో మెయిల్ పెట్టండి: ‘మీరు కోరినందువల్లే ఈ రోజు రాజీనామా లేఖ ఇచ్చాను’. ఆఫీసు మెయిల్ సాయంత్రానికల్లా బ్లాక్ అవుతుంది కాబట్టి సొంత మెయిల్‌కు కాపీ పంపుకోవాలి. రావద్దని చెప్పిన వాట్సాప్ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు కూడా ఉంచుకోవాలి.

వీటితో గ్యారంటీగా భృతి వస్తుందని కాదు. ఏమీ లేకుండా ఆఫీసుకు వెళ్లడం కన్నా చాలా నయం.

దరఖాస్తు ఎలా?

90 రోజుల పథకానికి ఇప్పుడు పాత యజమాని చుట్టూ తిరగాల్సిన పని లేదు. 2020 సడలింపుల్లో నిజంగా పనికొచ్చిన మార్పు ఇదే. అంతకుముందు క్లెయిమ్ పాత కంపెనీ ద్వారానే వెళ్లాల్సి వచ్చేది, స్టాంపు పేపరు మీద అఫిడవిట్ కూడా ఉండేది. ఇప్పుడు ఈఎస్‌ఐసీ వెబ్‌సైట్‌లో బీమా నంబరుతో లాగిన్ అయి నేరుగా క్లెయిమ్ నింపొచ్చు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ కాపీలు జత చేయాలి. బ్రాంచ్ ఆఫీసు పరిశీలించి డబ్బును నేరుగా ఖాతాలో వేస్తుంది. ఆధార్‌లో పేరు ఒకలా, ఈఎస్‌ఐ రికార్డులో ఇంకోలా ఉంటే ముందు అది సరిచేయించుకోవాలి. ఇంటి పేరు ముందు, వెనక అయ్యే గొడవ మన తెలుగువాళ్లకు మామూలే. చందా వివరాలు ఉమంగ్ యాప్‌లోనూ చూసుకోవచ్చు. ఈఎస్‌ఐసీ టోల్ ఫ్రీ నంబరు 1800-11-2526.

ఉద్యోగం పోయిన రోజే ఈఎస్‌ఐ వైద్యం ఆగిపోతుందని కూడా చాలామంది అనుకుంటారు. ఆగదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ కాలంలో 78 రోజుల చందా ఉంటే, సాధారణంగా తర్వాతి ఏడాది జూన్ 30 వరకు వైద్యానికి అర్హత ఉంటుంది. అక్టోబర్ నుంచి మార్చి కాలానికి ఆ ఏడాది డిసెంబర్ వరకు. ఇంట్లో డయాలసిస్ పేషెంటో, గర్భిణో ఉంటే భృతి కన్నా ఇదే పెద్ద ఊరట.

జీతం 21,000 దాటినవాళ్ల సంగతి?

వీళ్లకు భృతి పేరుతో ఏమీ లేదు. ఉన్నది సొంత పీఎఫ్, గ్రాట్యుటీ, చట్టం ప్రకారం కంపెనీ ఇవ్వాల్సిన బకాయిలు.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం, తొలగించినా, రాజీనామా చేసినా, సంస్థ మూతపడినా రావాల్సిన వేతనం రెండు పని దినాల్లో చెల్లించాలి. ‘ఫుల్ అండ్ ఫైనల్ 45 రోజుల్లో’ అనే పాత మాట వేతనం విషయంలో చెల్లదు. ఐదేళ్ల సర్వీసు ఉంటే గ్రాట్యుటీ వస్తుంది, ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగులకు ఏడాది చాలు. చివరి బేసిక్, డీఏ కలిపి 20,000 ఉండి ఆరేళ్లు చేసి ఉంటే గ్రాట్యుటీ సుమారు 69,200 రూపాయలు.

ఏడాది నిరంతర సర్వీసు ఉన్న ‘వర్కర్’ను రిట్రెంచ్ చేస్తే నెల నోటీసు లేదా దానికి బదులు వేతనం, సర్వీసులో ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి. కొత్తగా రీస్కిల్లింగ్ ఫండ్ నుంచి మరో 15 రోజుల వేతనం కూడా 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో పడాలి. మేనేజర్ హోదాలో ఉన్నవాళ్లు, 18,000 పైన జీతమున్న సూపర్‌వైజర్లు ‘వర్కర్’ నిర్వచనంలోకి రారు. ఈ పరిహారం కూడా రాజీనామా చేసినవాళ్లకు ఉండదు. మళ్లీ అదే కాగితం.

పీఎఫ్ విషయంలో 2018 డిసెంబర్ నుంచి ఉన్న పద్ధతి ప్రకారం నెల నిరుద్యోగం తర్వాత 75 శాతం, రెండు నెలల తర్వాత మిగతాది తీసుకోవచ్చు. 2025 అక్టోబర్ 13న పీఎఫ్ కేంద్ర ట్రస్టీల బోర్డు దీన్ని మార్చాలని నిర్ణయించింది. 75 శాతం వెంటనే ఇచ్చి, మిగిలిన 25 శాతం తీసి ఖాతా మూసేయాలంటే 12 నెలలు ఆగాలన్నది కొత్త పద్ధతి. పింఛను సొమ్ము వెనక్కి తీసుకోవడానికి గడువును రెండు నెలల నుంచి 36 నెలలకు పెంచారు. మీరు క్లెయిమ్ పెట్టే రోజున ఏది వర్తిస్తుందో పోర్టల్‌లో చూసుకోండి. పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి కాబట్టి, ఏడెనిమిదేళ్లు నిండినవాళ్లు పింఛను డబ్బు తీసేయకుండా ఫారం 10సీతో స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోవడం మంచిది. తర్వాతి ఉద్యోగం సర్వీసు దానికి కలుస్తుంది.

పన్ను సంగతి కూడా ఉంది. ఐదేళ్ల సర్వీసు లేకుండా పీఎఫ్ మొత్తం తీస్తే పన్ను పడుతుంది. తీసే మొత్తం 50,000 లేదా ఎక్కువ ఉంటే 10 శాతం టీడీఎస్ కోస్తారు, పాన్ లేకపోతే ఇంకా ఎక్కువ. కానీ అనారోగ్యం, సంస్థ మూసివేత, లేదా ఉద్యోగి చేతిలో లేని ఇతర కారణాలతో ఉద్యోగం పోతే ఐదేళ్లు నిండకపోయినా మినహాయింపు ఉంది. ఆ కారణాన్ని చూపించేది తొలగింపు లేఖే.

డెలివరీ బాయ్‌లు, క్యాబ్ డ్రైవర్ల లాంటి గిగ్ వర్కర్లను సామాజిక భద్రత కోడ్ గుర్తించింది. ప్రమాద బీమా, ఆరోగ్యం, ప్రసూతి, వృద్ధాప్య రక్షణ లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. నిరుద్యోగ భృతి మాత్రం లేదు. యాప్‌లో ఐడీ బ్లాక్ అయిన డ్రైవర్‌కు ఈ రోజు ఏ పథకమూ వర్తించదు.

తిరస్కరిస్తే?

నోటిమాటతో ‘మీకు రాదండీ’ అంటే వెనక్కి రావొద్దు. ఏ షరతు వల్ల రాదో రాతపూర్వకంగా అడగండి. తరచూ వచ్చే అడ్డంకులు మూడే: చందా రోజులు తక్కువ కనిపించడం, కంపెనీ పెట్టిన కారణం తప్పు కావడం, పేరు లేదా ఖాతా వివరాలు కలవకపోవడం. మూడోది బ్రాంచ్ ఆఫీసులోనే తేలిపోతుంది. మొదటి రెండింటికీ మీ దగ్గరున్న ఆధారాలతో బ్రాంచ్ మేనేజర్‌కు, అక్కడా పని కాకపోతే ప్రాంతీయ కార్యాలయానికి లేఖ ఇచ్చి రశీదు తీసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు. యజమాని చందా కట్టలేదన్న వివాదం గానీ, భృతి హక్కుపై వివాదం గానీ తేల్చాల్సింది ఎంప్లాయీస్ ఇన్సూరెన్స్ కోర్టు. అంత దూరం వెళ్లాల్సి వచ్చినా, ఏడాది గడువు లోపు క్లెయిమ్ మాత్రం ముందే పెట్టేసి ఉండాలి.